రాయడానికేముందని అడిగే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ

(యువ రచయితల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మీరు మమ్మల్ని అడుగుతున్నది ఒకటే: "రాయాలని ఉంది, ఏం రాయాలో తోచడం లేదు." మాకీ మాట కొత్త కాదు. పత్రికకొచ్చే ఉత్తరాల్లో సగం ఇట్లనే మొదలవుతాయి. మిగతా సగం కవితలు. వాటిల్లో సూర్యుడు ఉదయిస్తాడు, సంకెళ్ళు తెగుతాయి, నెత్తురు ఏరులై పారుతుంది. ఏ ఊళ్ళో, ఎవరి నెత్తురు, ఎప్పుడు అన్నది మాత్రం ఉండదు. వేసుకోలేక పక్కన పెడుతున్నాం. రాసినవాళ్ళకు కోపమొస్తుంది, రానీయండి.

తోచకపోవడంలో మీ తప్పేం లేదు. ఏది రాయదగిన విషయమో తేల్చే పని ఇన్నాళ్ళూ మన చేతుల్లో లేదు. బడి పుస్తకంలో కోయిల ఉంది, పారిజాతం ఉంది. లంద లేదు, ఆరె లేదు, రంపె లేదు. పదేళ్ళు ఆ పుస్తకాలే చదివిన పిల్లగాడు కలం పడితే కోయిలే గుర్తొస్తది. వాళ్ళ నాయిన చేతులకు కాసిన కాయలు గుర్తుకు రావు.

మన ముందువాళ్ళు ఈ చిక్కును ఎట్లా దాటారో చూడండి. 1855లో పూణేలో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న ముక్తాబాయి అనే మాంగ్ కులం పిల్ల, పద్నాలుగేళ్ళది, ఒక వ్యాసం రాసింది. జ్ఞానోదయ అనే మరాఠీ పత్రికలో అచ్చయింది. ఇంటిమీద కప్పు లేక వానకూ చలికీ పురుళ్ళు పోసుకునే తన వాడ ఆడవాళ్ళ గురించి రాసింది. విషయం కోసం ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు.

బాబాసాహెబ్ 1920 జనవరి 31న మూక్‌నాయక్ మొదలుపెట్టారు. అదీ మనలాగే పక్షపత్రిక. ఆయన తన అంటరాని అనుభవాల మీద రాసుకున్న చిన్న పుస్తకం ఒకటుంది, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1990లో అచ్చులోకొచ్చింది. చదవనివాళ్ళు చదవండి, గంట పట్టదు. 1901లో పిల్లలంతా కలిసి తండ్రిని చూడ్డానికి కోరేగావ్ పోతారు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకుపోయేవాళ్ళు రారు. పిల్లలు మహార్లని తెలిసి బండివాళ్ళెవరూ ఎక్కించుకోరు. చివరికి ఒకడు ఒప్పుకుంటాడు. కిరాయి రెట్టింపు, బండి మాత్రం పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు! అన్నం డబ్బా ఉండి కూడా నీళ్ళు దొరక్క ఆ రాత్రి ఆకలితోనే పడుకుంటారు. అంత పెద్ద చదువులు చదివిన మనిషి రాసింది బండి కిరాయి గురించి, నీళ్ళ గురించి. మనకు అంతకంటే పెద్ద విషయాలు కావాల్నా?

సరే, ఇంటికి పోయి ఏం చూడాలంటారా? ముందు ట్రంకుపెట్టె తెరవండి. చాలా ఇళ్ళల్లో పాత పట్టా కాగితం ఉంటుంది. ఆంధ్రలో డి-పట్టా అంటారు, తెలంగాణలో లావోని పట్టా అంటారు. తాత పేరు, సర్వే నంబరు, ఎకరాలు అన్నీ ఉంటాయి. ఆ కాగితం పట్టుకుని ఆ నేల దగ్గరికి పోండి. ఇప్పుడక్కడ ఎవరి పైరుంది? ఎంత అప్పు కింద పోయింది? వేలిముద్ర ఎవరేశారు, ఎవరి ఇంట్లో కూర్చుని వేశారు? అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో దాన్ని సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలను అమ్ముకునే హక్కు ఇచ్చారు. మంచో చెడో మీరు తేల్చండి, తేల్చడానికి ముందు మీ ఊళ్ళో సంగతి తెలియాలి గదా. ఒక్క కాగితం నుంచి పది పేజీలు వస్తాయి, అందులో ఒక్కటి కూడా ఊహ కాదు.

తర్వాత పనులు, ఆ పనుల మాటలు. తంగేడు చెక్కతో తోలెట్లా ఊనేవాళ్ళు? చావు దరువుకూ పెళ్ళి దరువుకూ తేడా ఏంది? డక్కలోళ్ళు వచ్చి పటం విప్పి జాంబపురాణం చెప్పడం మీ వాడలో ఆఖరిసారి ఎప్పుడు? ఇవి తెలిసినవాళ్ళు ముసలోళ్ళయిపోయారు. యూనివర్సిటీల నుంచి ఎవరో వచ్చి టేపుల్లో ఎత్తుకుపోయేదాకా మనం చూస్తూ ఊరుకోవాల్నా? (పొగడ్డానికే రాయమని కాదు. తోలు ఊనిన లంద కంపు కొట్టేది. ఆ కంపు కూడా రాయండి.)

హత్యాకాండల గురించి ఒక మాట. కారంచేడు, 1985 జులై 17. చుండూరు, 1991 ఆగస్టు 6. ఈ తేదీలు మనకు కంఠతా వచ్చు. కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. తాగేనీళ్ళు ఖరాబు చేస్తున్నారని అడిగినందుకు, బిందె ఎత్తిన ఆడమనిషి దగ్గర. ఊరొదిలి చీరాల చేరినవాళ్ళు అక్కడ ఏ పనులకు పోయారు, పిల్లల్ని ఏ బడిలో వేశారు, వెనక్కి పోదామని ఇంట్లో ఎవరన్నా అన్నారా? దీని మీద వచ్చింది తక్కువ. చుండూరు కేసులో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. కోర్టు రికార్డు ఒకటి, వాడ గుర్తుపెట్టుకున్నది ఒకటి. రెండోదాన్ని మనం రాయకపోతే మొదటిదే మిగులుతుంది. అందుకే మీ ఊళ్ళో ఏది జరిగినా, చిన్నదైనా సరే, ఆ రాత్రే తేదీ, వేళ, ఎవరేమన్నారో నోటుబుక్కులో పెట్టండి. కవిత తర్వాత రాసుకోవచ్చు.

కానీ అచ్చుకిచ్చే ముందు ఆ మనిషిని అడగండి. మీరు పట్నంలో కూర్చుని ఒకామె పేరు రాస్తారు, తెల్లారి అదే ఆసామి చేలోకి కూలికి పోవాల్సింది ఆమె. ఆమె వద్దంటే పేరు మార్చండి. అసలే వద్దంటే ఆపండి. ఈ విషయంలో మా దగ్గర బేరం లేదు.

ఇంకోటి, మీకు నచ్చకపోవచ్చు. వాడ బయటి దొర గురించి రాసినంత తేలిగ్గా ఇంట్లో నాయిన గురించి రాయగలరా? మాలవాడలో మాదిగ గురించి, మాదిగవాడలో డక్కలి గురించి ఏమంటారో రాయగలరా? మన ఆడవాళ్ళు ఈ పని ముందే మొదలుపెట్టారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' తిరగేస్తే తెలుస్తుంది. మగపిల్లలు రాసి పంపినవాటిల్లో అమ్మ కష్టం పుట్లకొద్దీ ఉంటుంది. ఆ కష్టంలో నాయిన వాటా ఎంతో ఉండదు.

భాష గురించి భయపడొద్దు. మీ అమ్మ ఎట్లా మాట్లాడితే అట్లనే రాయండి. అక్షర దోషాలు మేం దిద్దుకుంటాం, మాటలు మాత్రం మార్చం.

ఇప్పుడు భోజనాలు. తర్వాత ఒక్కొక్కరూ ఒక్క పేజీ రాయాలి: మీ వాడకు మంచినీళ్ళు ఏ సంవత్సరం వచ్చాయి, అంతకుముందు ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్ళు, ఎవరు తోడి పోసేవాళ్ళు, ఎవరు మోసేవాళ్ళు. తెలియకపోతే ఇంటికి ఫోను చేసి అమ్మనో నాయినమ్మనో అడగండి. పైన ఊరి పేరు, మండలం రాయండి. సాయంత్రం ఐదింటికల్లా కాగితాలు మా చేతికి రావాలి. వచ్చే సంచికలో రెండు పేజీలు దానికోసం ఖాళీగా ఉంచాం.