తెల్లవారుజామున ఈల
(శేరిగూడలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఎ. బకాయిల గురించో, జీవన ప్రమాణ పత్రం గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే నలుగురున్నారు. నేను పరుగు గురించి మాట్లాడతాను. డెబ్బై దాటిన గుమాస్తాకు పరుగుతో ఏం పని అని నవ్వేవారు నవ్వవచ్చు. నేను పరుగెత్తను. పరుగెత్తే పిల్లలకు ఈల ఊదుతాను, గడియారం చూస్తాను, రిజిస్టరు రాస్తాను. సర్వీసంతా చేసిన పనే అది, ఈల ఒక్కటే కొత్త.

మన శేరిగూడలో తెల్లవారుజామున ఐదింటికి లేచి చూసినవారికి తెలుసు. పాలవాళ్ళకంటే ముందు రోడ్డు మీద కనబడేది పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు. వారిలో మన సభ్యుల మనవలు, మనవరాళ్ళు కూడా ఉన్నారు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. ఆ సంవత్సరం డిసెంబరులో మొదలైన ఆ పరీక్షలలో మన సభ్యులొకరి మనవడు నాలుగు సెకన్ల తేడాతో తప్పాడు. పేరు చెప్పను, తాతగారు మూడో వరుసలో కూర్చున్నారు. రాతపరీక్షకు రెండేళ్ళు చదివినవాడు, నాలుగు సెకన్లకు ఇంటికొచ్చాడు. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేదాకా వయసు ఆగదు కదా. ఆ కుర్రవాడు నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మేము నలుగురం పెద్దవాళ్ళం ఇందులోకి దిగింది ఆ నాలుగు సెకన్ల వల్లనే. మొదట లెక్క వేశాను. 7 నిమిషాల 15 సెకన్లంటే 435 సెకన్లు. 400 మీటర్ల చుట్టు నాలుగుసార్లు తిరగాలి గనుక చుట్టుకు 108 సెకన్ల ముప్పావు. ఇదేమంత ఘనమైన వేగం కాదు. మన వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ జీవాంజి దీప్తి 2024లో కోబె ప్రపంచ పారా పోటీలలో ఇదే 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మరి మనవాడు ఎందుకు తప్పాడు?

గ్రౌండులో చుట్టు గీయించి, గడియారం పట్టుకొని చూస్తే తేలింది. చుట్టు కొలవడానికే పెద్ద చర్చ జరిగింది, అది కూడా చెబుతాను. సర్వేశాఖలో పనిచేసిన మిత్రుడొకరు 66 అడుగుల పాత గొలుసు తెస్తానన్నారు. ఇరవై గొలుసులు పావు మైలు. అంటే 402 మీటర్ల పైచిలుకు. నాలుగు చుట్లకు తొమ్మిది మీటర్లు ఎక్కువ వస్తుంది, ఈ పిల్లల వేగానికి అది రెండున్నర సెకన్లు. నాలుగు సెకన్లకు ఉద్యోగం పోయిన చోట రెండున్నర సెకన్లు చిన్నవి కావు. మీటర్ల టేపు తెప్పించి కొలిచాం. గొలుసు తిరిగి మిత్రుని ఇంటికి వెళ్ళింది, ఆయన అలక తీరడానికి వారం పట్టింది.

కుర్రవాడి చుట్లు ఇలా వచ్చాయి: మొదటిది 92 సెకన్లు, రెండవది 105, మూడవది 118, నాలుగవది 126. మొత్తం 441. మొదటి చుట్టులో పదహారు సెకన్లు మిగిల్చి, చివరి రెండు చుట్లలో దానికి వడ్డీతో సహా కట్టాడు. జీతం వచ్చిన వారంలో ఖర్చుచేసి నెలాఖరుకు అప్పుచేసే పద్ధతి. ఎంత మెల్లగా మొదలుపెట్టమన్నా వాడికి చేతకాలేదు. "తాతా, ఉరుకుడు నాకొస్తది, ఆగుడే రాదు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. వాడికి రావలసింది ఆగడమే.

ఇక్కడ ఇంటర్వెల్ అన్న మాట వస్తుంది. మనకు ఇంటర్వెల్ అంటే సినిమా హాలులో సోడా తాగే సమయం. పరుగులో కూడా దాదాపు అదే. కొంత దూరం వేగంగా పరుగెత్తడం, కొంతసేపు నడవడం, మళ్ళీ పరుగెత్తడం. 1930లలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైన్‌డెల్ అనే గుండె వైద్యుడు కలిసి దీనికొక పద్ధతి ఏర్పరచారు. పరుగులో గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకోవాలి, విరామంలో 120కి దిగాలి. ఒకటిన్నర నిమిషంలో దిగకపోతే పరుగు మితిమీరిందన్నమాట. గుండె బలపడేది పరుగులో కంటే విరామంలోనే ఎక్కువ అని వారి నమ్మకం. అందుకే ఆ శిక్షణకు పరుగు పేరు కాక విరామం పేరు పెట్టారు. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తాడు. చెకొస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ కూడా 400 మీటర్ల ముక్కలనే పదులకొద్దీ పరుగెత్తి సాధన చేసి, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5000, 10000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు.

నాకు వీరందరికంటే రోజర్ బానిస్టర్ కథ ఇష్టం. ఆయన వైద్యవిద్యార్థి. మధ్యాహ్న భోజన విరామంలో వెళ్ళి సాధన చేసి వచ్చేవాడు. మన ఆఫీసులలో ఆ గంటలో మనమేం చేసేవాళ్ళమో ఇక్కడ చెప్పనక్కరలేదు. పావు మైలు చొప్పున పదిసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. ఒక్కొక్కటి 66 సెకన్ల నుండి 61కి దించాడు, తర్వాత దిగలేదు. విసిగిపోయి పరుగు మానేసి స్కాట్లండ్ కొండలెక్కడానికి పోయాడు. కొద్ది రోజులకు తిరిగి వచ్చి పరుగెత్తితే 59 వచ్చింది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో ముగించి, నాలుగు నిమిషాల హద్దు దాటిన మొదటి మనిషి అయ్యాడు. ఈ కథ పిల్లలకు చెప్పినప్పుడు ఒకడు "అయితే మేము కూడా నాలుగు రోజులు శ్రీశైలం పోయొస్తం" అన్నాడు. ముందు 61 తెచ్చి చూపమన్నాను.

హైదరాబాదులో ఈ పద్ధతి చాలాకాలంగా ఉంది. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ వంటి బృందాలవారు తెల్లవారుజామున కూడి పరుగెత్తుతారు. ఆగస్టులో నెక్లెస్ రోడ్డు నుండి గచ్చిబౌలి దాకా సాగే మారథాన్‌లో వేలమంది పాల్గొంటారు. గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడలకు కట్టిన మంచి ట్రాకు ఉంది. మన దగ్గర ఉన్నది మట్టి, ముళ్ళకంప, ఒక మూల కంకర. అయినా సరిపోతుంది.

మా పద్ధతి చెబుతాను. మంగళవారం, శుక్రవారం మాత్రమే ఈల. మిగతా రోజులు మెల్లని పరుగు, ఆదివారం పూర్తి సెలవు. ఈల రోజున పది నిమిషాలు మెల్లగా ఉరికి ఒళ్ళు వేడెక్కించిన తర్వాత 400 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో రెండు నిమిషాల నడక. ఒక్కొక్క చుట్టు 102 నుండి 105 సెకన్లలో రావాలి. 98లో వచ్చినవాడిని మెచ్చుకోము, మందలిస్తాము. రిజిస్టరులో పేరు, ఆరు చుట్ల టైములు, రిమార్కులు, మొత్తం ఎనిమిది గళ్ళు. నేను చూసేది మొదటి గడికీ ఆరవ గడికీ మధ్య తేడా. అది మూడు సెకన్లు దాటితే ఎర్రసిరా. పిల్లలు నా ఎర్రసిరాకు భయపడినంతగా నా క్రింద పనిచేసిన జూనియర్ అసిస్టెంట్లు ఎవరూ భయపడలేదు.

ఇదంతా ఒంటరిగా చేయరాదా అని అడుగుతారు. చేయవచ్చు, కాని నాలుగవ చుట్టు దగ్గర ఒంటరివాడు ఇంటికి పోతాడు. పక్కన ఊపిరి వినబడుతుంటే పోడు. అయితే గుంపుతో ఒక చిక్కు ఉంది. వేగం ఉన్నవాడు ముందుకు పోతే వెనుకవాడు సిగ్గుపడి మర్నాడు రాడు. ఆడపిల్లలలో ఇది మరీ ఎక్కువ. అందుకని కొత్తవారికి దూరం లెక్క తీసేసి కాలం లెక్క పెట్టాం. ఈల వేయగానే అందరూ ఒకే గీత నుండి పరుగు, నిమిషానికి మళ్ళీ ఈల, ఎవరు ఎక్కడుంటే అక్కడ వెనుదిరిగి నడక. తిరుగుదారిలో వెనుకబడినవారే ముందుంటారు. మూడు వారాలలో ఐదుగురు ఆడపిల్లలు తొమ్మిదిమంది అయ్యారు.

ఆ కుర్రవాడి సంగతి చెప్పాలి. పదకొండు వారాల తర్వాత నాలుగు చుట్లు కలిపి పరుగెత్తించాం. 108, 107, 108, 104. మొత్తం 427, అంటే 7 నిమిషాల 7 సెకన్లు. ఎనిమిది సెకన్లు చేతిలో ఉన్నాయి. అసలు పరీక్ష నాటి గుండెదడకు అందులో ఎన్ని పోతాయో ఇప్పుడే చెప్పలేము. కాబట్టి శిక్షణ ఆపలేదు.

ఇక మన సంగతి. గ్రౌండు చుట్టూ నడిచే మనవాళ్ళు పదకొండుమంది ఈ మధ్య అదే ఈలకు నడుస్తున్నారు. దీనికి జపాన్‌లో ఆధారం ఉంది. మత్సుమోతో నగరంలోని షిన్షు విశ్వవిద్యాలయంలో హిరోషి నోసె బృందం, సగటున అరవై మూడేళ్ళ వయసున్న 246 మంది మీద ఐదు నెలల పరిశీలన చేసి 2007లో ప్రకటించింది. మూడు నిమిషాలు వడిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా ఐదు విడతలు, వారానికి నాలుగు రోజులు నడిచినవారికి తొడల బలం, ఊపిరి శక్తి పెరిగాయి, పైరక్తపోటు తగ్గింది. ఒకే తీరుగా నడిచినవారికి అంత మేలు కనబడలేదు. వడి అంటే ఎంత? ఒకటి రెండు మాటలు మాట్లాడగలగాలి, ముచ్చట్లు పెట్టలేకపోవాలి. మనలో కొందరికి ఈ రెండవదే కష్టం.

ఈ తొడల బలం దేనికంటారా? నాగార్జునసాగర్ రోడ్డు దాటి చూడండి. అవతలి పక్కకు చేరడానికి అర నిమిషం వడిగా నడవగలగాలి. ఏడింటికి కాలేజీ బస్సులు మొదలయ్యాక ఎవరూ మన కోసం ఆగరు. ఫౌజా సింగ్ గారి పేరు విని ఉంటారు. ఎనభై తొమ్మిదవ ఏట లండన్‌లో పరుగు మొదలుపెట్టి, 2011లో టొరంటోలో నూరేళ్ళ వయసున మారథాన్ పూర్తిచేశారు. జనన ధృవపత్రం లేదని గిన్నిస్‌వారు దాన్ని నమోదు చేయలేదు. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ కోసం తిరిగినవారికి ఆయన బాధ అర్థమవుతుంది. అంతటివాడు 2025 జూలై 14న పంజాబులోని సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుంటే కారు గుద్ది చనిపోయారు. కాబట్టి చీకట్లో రోడ్డు మీద నడక వద్దు. తప్పనిసరైతే కుడిపక్కన నడవండి, ఎదురుగా వచ్చే బండి కంటబడుతుంది. తెల్ల చొక్కా వేసుకోండి.

మందుల మాట. గుండెకు, బి.పి.కి వాడే అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు నాడిని పెరగనివ్వవు. అవి వేసుకునేవారు చేతి గడియారంలో నాడి అంకె చూసి ఇంకా వడి పెంచకూడదు, ఆయాసమే కొలత. షుగరుకు ఇన్సులిన్, కొన్నిరకాల మాత్రలు వాడేవారికి ఖాళీ కడుపున చక్కెర పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు బిస్కట్లు ఉంచుకోండి. స్టెంటు వేయించుకున్నవారు, మోకాళ్ళు ఆపరేషన్ అయినవారు డాక్టరుగారిని అడిగి మాత్రమే రండి. ఛాతీ బరువెక్కినా, ఎడమ చెయ్యి లాగినా, చెమట పట్టి కళ్ళు తిరిగినా అక్కడే కూర్చోండి, విడత పూర్తిచేద్దామనుకోవద్దు. రిజిస్టరులో గడి ఖాళీగా ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు.

చివరిగా ఒక అర్జీ విషయం. గ్రౌండులో కంకర ఉన్న మూల దీపం లేదు. చలికాలంలో ఆరున్నర దాకా అక్కడ ఏమీ కనబడదు, కిందటి వారం ఒక అమ్మాయి మడమ బెణికింది. ఒక దీపస్తంభం, రెండు ట్రాక్టర్ల మట్టి కావాలి. అర్జీ ముసాయిదా రాసి, ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాను. సంతకంతో పాటు ఇంటి నంబరు కూడా రాయండి, లేకపోతే ఇన్‌వార్డులోనే ఆగిపోతుంది. మంగళవారం ఈల ఐదుంబావుకు. చెప్పులతో రావద్దు.