దానపత్రం రాసే ముందు

మా బైరకూరు వైపు ఒక అవ్వ ఉన్న పొలమంతా కొడుక్కి దానపత్రం రాసిచ్చింది. ఏడాది తిరగకముందే సంగటికి మొహం వాచింది. ఆమె వేలిముద్రతో ఇరుగుపొరుగువారు అర్జీ పెట్టారు. విచారణకు వచ్చినవారు కొడుకు ఎదుటనే, కన్నడంలో అడిగారు. "బాగానే చూస్తాడు నాయనా" అంది అవ్వ. తర్వాత మరొకరు పక్కకు పిలిచి తెలుగులో అడిగితేనే ఉన్నమాట చెప్పింది.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం అసిస్టెంట్ కమిషనర్ గారి ట్రిబ్యునల్ ఇటువంటి దానపత్రాన్ని రద్దు చేయగలదు. అయితే పోషించాలన్న షరతుతో ఇచ్చినదై ఉండాలి. కనుక పెద్దలారా, ఆ షరతును పత్రంలోనే రాయించండి. ఆపదలో 14567కు ఫోన్ చేయండి. విచారణకు వచ్చినవారిని, బిడ్డలు లేనిచోట, మన మాటలో అడగమని కోరండి. సెలవు.