బూజు పట్టిన పల్లీలు ఏరి వాడుకోవచ్చా?

(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పల్లి పట్టీలు, పల్లి పొడి, తొక్కులు చేసి అమ్మే సంఘాలు మనలో చాలా ఉన్నయి. వానాకాలం వచ్చిందంటే అందరికీ ఒకటే అనుమానం. బూజు పట్టిన కాడికి తీసేసి మిగతాది వాడుకోవచ్చా? అన్నం పారేస్తే పాపం అని పెరిగినోళ్లం, పారేయడానికి చెయ్యి రాదు. కానీ దీనికి అన్నిటికీ ఒకటే జవాబు లేదు. ఏ వస్తువు అన్నది చూడాలె.

బూజు అంటే పైన కనబడే నూగు ఒక్కటే కాదు. దారాల్లాంటి వేర్లు లోపలికి పోతయి. ఇప్పుడు పిల్లలు అడుగుతున్నరని చీజ్ కొంటున్నం. గట్టి చీజ్ గడ్డలో తడి తక్కువ, ఆ వేర్లు లోతుకు పోలేవు. అందుకని బూజు చుట్టూ, కింద ఒక అంగుళం మందం కోసి పారేసి మిగతాది తినొచ్చు. కత్తికి మాత్రం బూజు తగలొద్దు. అదే పనీర్, తురిమిన చీజ్, బ్రెడ్డు, వండిన కూర అయితే మొత్తం పారేయాల్సిందే.

పల్లీలు కూడా గట్టిగానే ఉంటయి కదా అనుకోవద్దు. పల్లీలకు, మక్కలకు, ఎండు మిర్చికి పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతది. బూజు దులిపేసినా విషం గింజలోనే ఉంటది. కంటికి కనబడదు. వేయిస్తే కొంత తగ్గుతది గాని పూర్తిగా పోదు. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి కడుపులోకి పోతే కాలేయ క్యాన్సర్ రావచ్చు.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినయి. వాటి దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి పిండి ఉండె. ఈ విషం సంగతి లోకానికి తెలిసింది అప్పుడే. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో అకాల వానకు తడిసి బూజు పట్టిన మక్కలు తిని జనం కామెర్ల పాలయిండ్రు, 100 మందికి పైగా ప్రాణాలు పోయినయి. పేదోళ్లు, పారేస్తే తినడానికి ఇంకొకటి లేనోళ్లు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు దాని మీద పరిశోధన చేసిండ్రు. మన పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిసాట్ పల్లి పంట మీద పనిచేస్తది. ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పరీక్షించే పద్ధతిని కూడా తయారు చేసింది. నేరుగా తినే పల్లీలలో ఈ విషం కిలోకు 10 మైక్రోగ్రాములు దాటొద్దని మన దేశంలో నియమం. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. అంత తక్కువను మనం కంటితో ఎట్ల పట్టుకుంటం?

పట్టుకోలేం కాబట్టి ముందే జాగ్రత్త పడాలె. కాయలు కొంటే ఊపి చూడండి, గలగలమనాలె. సంచులు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టండి. ముసురు రోజుల్లో ఎక్కువ సరుకు కొని పెట్టుకోవద్దు. వేయించక ముందే వెలుతురులో కూర్చొని ముడతలు పడ్డవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి, పగిలినవి ఏరి తీసేయండి. విషం ఎక్కువగా ఉండేది అటువంటి గింజల్లోనే. సంచిలో బూజు వాసన వస్తే, గింజలు ముద్ద కడితే, ఏరే పని పెట్టుకోవద్దు. ఆ సంచి మొత్తం పక్కకు పెట్టాల్సిందే.

తీసేసిన గింజలను బర్రెకు పెట్టొద్దు, కోళ్లకు వేయొద్దు. గానుగకు అమ్మితే విషం ఎక్కువ భాగం చెక్కలో మిగులుతది. ఆ చెక్క తిన్న బర్రె పాలల్లోకి అది వస్తది, కాచినా పోదు. మనం పారేశినం అనుకున్నది పిల్లల గ్లాసులోకే తిరిగి వస్తది. గుంత తీసి పూడ్చిపెట్టండి.

చివరికి ఒక ప్రతిపాదన. సంచి పక్కకు పెడితే నష్టం ఎవరిది? ఏరే అక్క కూలిలో కోస్తే, ఆమె రేపటి నుంచి చూసీ చూడనట్టు వదిలేస్తది. తప్పు ఆమెది కాదు, మన లెక్కది. పాడైన సరుకు నష్టం సంఘం ఖాతాలో రాయాలె. దానికోసం ప్రతి సంఘం లాభంలో కొంత విడిగా పెట్టాలె. "ఇది పనికిరాదు" అని చెప్పిన అక్కను మెచ్చుకోవాలె. పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో షిఫ్టుకు పోయేటోళ్లు ఆకలికి మన పల్లి పట్టీ కొంటరు. వాళ్లు సంచి చూడరు, మన సంఘం పేరే చూస్తరు.

ఈ తీర్మానాన్ని సభ ముందు పెడుతున్న. చేతులెత్తి ఆమోదించండి.