ఉత్తరం ఎవరికి, నకలు ఎవరికి?
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీ ఉత్తర ప్రత్యుత్తరాలు ఇప్పుడు చాలామట్టుకు ఈ-మెయిల్ మీదనే నడుస్తున్నాయి. అర్జీలు, పిల్లల స్కాలర్‌షిప్పు కబుర్లు, జకాత్ సహాయం వివరాలు అన్నీ అందులోనే. చిరునామాలు రాసే మూడు గడుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు.

మొదటి గడి 'టు'. పని ఎవరు చేయాలో వారి చిరునామా ఇక్కడ వేయాలి. ఒకే అర్జీని అయిదుగురు అధికారులకు 'టు'లో పెడితే, పక్కాయన చూస్తాడులే అని అయిదుగురూ ఊరుకుంటారు.

రెండోది 'సీసీ', అంటే కార్బన్ కాపీ. గుంటూరు మిర్చి కొట్లలో బిల్లు పుస్తకంలో నీలం కాగితం పెట్టి రాయడం పెద్దలు ఎరిగినదే. టైపు అర్జీల అడుగున 'నకలు: తహసీల్దారు గారికి' అని వేసేవాళ్లం. ఇదీ అదే. సంగతి తెలిస్తే చాలుననుకున్న వారు ఇందులో ఉంటారు.

మూడోది 'బీసీసీ'. దీంట్లోనూ నకలు వెళ్తుంది గాని, ఎవరెవరికి వెళ్లిందో మిగతావారికి కనపడదు. ఇదేదో చాటుమాటు వ్యవహారమని కొందరు ముట్టుకోరు. నా మట్టుకు మన సొసైటీకి అన్నిటికన్నా అక్కరకొచ్చే గడి ఇదే. ఎందుకంటారా? జకాత్ అందుకునే నలభై మందికి ఒకే కబురు పంపుతూ అందరినీ 'టు'లో పెట్టామనుకోండి. గడప దాటి చెయ్యి చాచలేని కుటుంబం పేరు తక్కిన ముప్పయి తొమ్మిది ఇళ్లకూ తెలిసిపోతుంది. దానం బాహాటంగా చేయడం మంచిదే, గుట్టుగా పేదలకివ్వడం మరింత మంచిదని ఖురాన్ బోధ కదా. పైగా ఆడపిల్లల చిరునామాలో పేరు, పుట్టిన సంవత్సరం కూడా ఉంటున్నాయి.

ఇది చిన్న విషయం కాదు. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి వచ్చింది. సెప్టెంబరులో బ్రిటిష్ రక్షణ శాఖ, తరలించవలసిన 245 మంది ఆఫ్ఘన్లకు ఒకే మెయిల్ పంపుతూ అందరినీ 'టు'లో పెట్టింది. అందులో ఇద్దరు 'రిప్లై ఆల్' నొక్కారు. ఒకరైతే తాను ఉన్న చోటు కూడా అందరికీ రాసేశారు. ప్రాణాల మీదికి వచ్చే పని! 2023 డిసెంబరులో ఆ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా పడింది.

మనం చేయవలసింది తేలికే. 'టు'లో సొసైటీ సొంత చిరునామా, తక్కిన వారంతా 'బీసీసీ'లో. అప్పుడు ఎవరు 'రిప్లై ఆల్' నొక్కినా జవాబు మన ఆఫీసుకే వస్తుంది. వచ్చిన మెయిల్‌ని ఇంకొకరికి పంపేటప్పుడు మాత్రం అడుగున మిగిలిన పాత చిరునామాలు చెరిపేయండి, 'బీసీసీ' వాటిని దాచలేదు.

ఈసారి జకాత్ కబురుతోనే ఈ పద్ధతి మొదలుపెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. జుమా నమాజు తర్వాత అరగంటసేపు ఆఫీసు కంప్యూటరు దగ్గర ఉంటాను. నేర్చుకోదలచిన వారు రావచ్చు, అమ్మలు కూడా.

వస్సలాం.