కారు బేరంలో ఆడవాళ్ల మాట

(కొత్తకోటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి హక్కు గురించి, కూలి రేట్ల గురించి, ఇంట్లో జరిగే హింస గురించి మాట్లాడుకునే చోట కారు బేరం సంగతేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మనలో కారు కొనే స్తోమత ఎందరికుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇవాళ మన సంఘాల ఆడవాళ్లు అప్పు తీసుకుని స్కూటీలు కొంటున్నారు, ట్రాలీ ఆటోలు కొంటున్నారు. కొడుకు నడుపుతాడని కారు కొని కిస్తీలు తాము కట్టుకుంటున్నారు. ఇల్లు, పొలం తర్వాత మన కుటుంబాల్లో పెద్ద ఖర్చు బండే. అంత పెద్ద ఖర్చు దగ్గర మన మాట చెల్లుతుందా లేదా అన్నది హక్కుల ప్రశ్న కాకుండా ఎట్లా పోతుంది?

ఆడవాళ్లకు బేరం రాదనే మాట అబద్ధం. కూరగాయల దగ్గర, చీరల దగ్గర, విత్తనాల దుకాణంలో రోజూ బేరమాడేది మనమే. పెబ్బేరు సంతలో మేకను చూసి దాని బరువు, వయసు అంచనా కట్టి ధర చెప్పగల ఆడవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లే మహబూబ్‌నగర్‌లోనో హైదరాబాద్‌లోనో అద్దాల షోరూంలో అడుగు పెట్టగానే ఎందుకు మౌనంగా ఉండిపోతున్నారు? సంతలో సరుకు కళ్ల ముందుంటుంది, నాలుగు దుకాణాల ధర చెవిన పడుతుంది. షోరూంలో ధర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్క ఎవరికి పోతుందో చెప్పరు. పైగా మాట్లాడేది మన పక్కన నిలబడ్డ మగవాడితో.

ఇది మన దేశపు సంగతి మాత్రమే కాదు. అమెరికాలో ఇయన్ ఎయర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు దీన్ని పరీక్షించి చూశాడు. షికాగో ప్రాంతంలోని కార్ల దుకాణాలకు తెల్ల మగవాళ్లను, తెల్ల ఆడవాళ్లను, నల్లజాతి మగవాళ్లను, ఆడవాళ్లను పంపాడు. అందరికీ ఒకే రకం బట్టలు, ఒకే రకం చదువు, బేరంలో ఆడవలసిన మాటలు కూడా ఒకటే. ఆ ఫలితాలు 1991లో ప్రచురించాడు. తెల్ల మగవాడికి చెప్పిన ధర అందరికంటే తక్కువ. తెల్ల స్త్రీల దగ్గర దుకాణదారు అడిగిన లాభం అంతకంటే ఎక్కువ. నల్లజాతి స్త్రీల దగ్గర అడిగిన లాభం తెల్ల మగవాడి దగ్గర అడిగినదానికి మూడింతలు దాటింది. పీటర్ సీగల్మన్‌తో కలిసి ఇంకా పెద్ద ఎత్తున చేసి 1995లో ప్రచురించిన పరీక్షలోనూ తెల్ల మగవాళ్లకే తక్కువ ధర చెప్పినట్టు తేలింది. కులం, రంగు, కట్టుకున్న చీర చూసి మనిషిని అంచనా వేసే మన సమాజానికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

దీనికి జోడీగా ఇంకొకటి చెప్పాలి. 2017లో అచ్చయిన మరో అమెరికా అధ్యయనంలో పరిశోధకులు కార్లు బాగుచేసే షాపులకు ఫోన్లు చేయించారు. ధర గురించి ఏమీ తెలియదన్నట్టు అడిగినప్పుడు మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువ ధర చెప్పారు. "ఈ పనికి ఇంత అవుతుందని విన్నాను" అంటూ ఒక అంకె చెప్పి అడిగినప్పుడు ఆ తేడా పోయింది. ఇది మనం గట్టిగా పట్టుకోవాలి. గొంతు పెద్దది చేయడం కాదు కావలసింది, అంకె చేతిలో ఉండడం.

ఇప్పుడు నా అనుభవం చెబుతాను. నేను ఊళ్లు తిరిగే పని చేస్తాను. రాత్రి వేళ ఒక మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, పోలీసు స్టేషన్‌కు పోవాలన్నా అద్దె బండి కోసం ఒకరిని బతిమాలాలి. అందుకని నా పొదుపుతో, కొంత అప్పుతో చిన్న కారు కొందామనుకున్నాను. డబ్బు నాది, లైసెన్సు నాది. షోరూంకు తోడుగా మా తమ్ముణ్ని తీసుకుపోయాను. అక్కడి అబ్బాయి అరగంటసేపు మైలేజీ గురించి, ఇంజను గురించి మా తమ్ముడికే చెప్పాడు. నాకు మాత్రం రంగుల కార్డు ఇచ్చాడు. చివరికి మా తమ్ముడే, "అక్కనడుగుండ్రి, బండి ఆమెది" అన్నాడు. అప్పుడు ఆ అబ్బాయి, "అయితే సార్‌ను ఒకసారి తీసుకురండి మేడం, ఫైనల్ చేద్దాం" అన్నాడు. సార్ అంటే మా ఆయన. కొనేది నేనేననీ, ధర మొత్తం విడివిడిగా కాగితం మీద రాసి సంతకం చేసి ఇమ్మనీ అడిగాను. ఇట్లాగే ఇంకో రెండు షోరూంల నుంచి కూడా రాయించుకున్నాను.

మూడు కాగితాలు ఇంట్లో పరుచుకుని రెండు పట్టీలుగా విడదీశాను. ఒకటి ప్రభుత్వానికి పోయేది, రెండోది దుకాణానికి పోయేది. మీరూ అట్లాగే చేయండి.

జీవిత పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానివి. వాటి మీద బేరం లేదు, కానీ రసీదు అడగవచ్చు. ఎక్స్-షోరూం ధర కంపెనీ నిర్ణయించేది, జీఎస్టీ అందులోనే ఉంటుంది. అయితే అందులో డీలరు కమీషన్ కూడా ఉంటుంది. డిస్కౌంటు అక్కడి నుంచి, కంపెనీ స్కీము నుంచి వస్తుంది. ఇక్కడొక జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతం అయింది. అంతకు ముందు 28 శాతం జీఎస్టీ, దానిమీద సెస్సు ఉండేవి. పన్ను తగ్గినందువల్ల తగ్గిన ధరను చూపించి "మీ కోసం ఇంత తగ్గించాం" అంటే ఒప్పుకోవద్దు. అది ప్రభుత్వం తగ్గించింది. దుకాణం తగ్గించేది వేరే అడగాలి.

బేరమంతా మిగిలిన ముక్కల దగ్గరే. నాకిచ్చిన మొదటి కాగితంలో హ్యాండ్లింగ్ చార్జీ అని 8,500 రూపాయలు రాశారు. ఏ పనికి అని అడిగితే సరైన జవాబు రాలేదు. దాన్ని కొట్టేయించాను. సీటు కవర్లు, మ్యాట్లు, ఇంకేవో కలిపి యాక్సెసరీస్ కిట్ 22,000 అన్నారు. అది తీసుకుంటేనే బండి త్వరగా వస్తుందన్నారు. 2,000 పెట్టి మ్యాట్లు మాత్రం తీసుకున్నాను. బీమా వాళ్ల దగ్గరే చేయించాలన్నారు. బయట అదే రకం పాలసీకి 10,500 తక్కువ చెప్పారు. ఆ కాగితం చూపిస్తే వీళ్లూ ఆ ధరకే ఇచ్చారు. రెండో షోరూం ఇచ్చిన ధర చూపించి డీలరు వాటా నుంచి 15,000 తగ్గించమన్నాను. రెండు రోజులాగి ఒప్పుకున్నారు. మొత్తం 54,000 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన ఇది దాదాపు 176 రోజుల కూలి.

బీమా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబర్ నుంచి తప్పనిసరి. ఆ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది, ఎక్కడ కొన్నా ఒకటే. మన బండికి నష్టం జరిగితే వచ్చే బీమా మాత్రం కంపెనీని బట్టి మారుతుంది, దాన్ని ఒక ఏడాదికే తీసుకోవచ్చు. ఎవరి దగ్గర కొనాలన్నది మన ఇష్టం.

అప్పు దగ్గర ఇంకో వల ఉంది. "నెలకు ఎంత కట్టగలరమ్మా?" అని ఎంతో దయగా అడుగుతారు. దానికి జవాబు చెప్పామంటే అసలు ధర మాట పక్కకు పోతుంది. 5 లక్షల అప్పు 10 శాతం వడ్డీకి 5 ఏళ్లకైతే నెలకు సుమారు 10,624 రూపాయలు. 7 ఏళ్లకైతే 8,301. నెలకు రెండు వేల పైన తగ్గిందని సంతోషపడతాం. కానీ మొత్తం మీద దాదాపు 60,000 రూపాయల వడ్డీ ఎక్కువ కడతాం. అందుకని ముందు బండి ధర తేల్చుకోవాలి, తర్వాతే అప్పు మాట. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఇలాంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చార్జీలన్నీ కలుపుకుని ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో అందులో ఉండాలి, అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో ఇమ్మని అడగండి.

ఇవన్నీ వాళ్ల దయ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. ధర గురించి తెలుసుకునే హక్కును సెక్షన్ 2(9) మనకిచ్చింది. ఒక వస్తువు కావాలంటే ఇంకొకటి కూడా కొనాల్సిందే అని షరతు పెట్టడం సెక్షన్ 2(41) కింద నిర్బంధ వ్యాపార పద్ధతి. యాక్సెసరీస్ కిట్ కొంటేనే బండి అనడం ఇందులోకే వస్తుంది. ఒప్పుకున్న గడువు దాటించి, ఆలోపు ధర పెంచడం కూడా అంతే. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపారం. ఫోను చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫిర్యాదు రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌లో వేయాలి. షోరూం హైదరాబాద్‌లో ఉన్నా సరే, మనం ఉండే చోటికి చెందిన కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు.

కాగితం విలువ పాలమూరు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కాలువలు, డ్యాములు తవ్వడానికి దేశమంతా పోయిన కుటుంబాలు మనవి. ఎంత ఇచ్చాడు, ఎంత తీరింది అన్న లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉండేది. కూలీకి ఫొటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలని 1979లో వచ్చిన వలస కార్మికుల చట్టం చెప్పింది. ఆ పుస్తకం చేతికి రాని చోట, లెక్క అడిగే అధికారం కూడా రాలేదు. షోరూంలో నోటిమాటతో బుకింగ్ డబ్బులు కట్టడం ఆ పాత పద్ధతికి తిరిగిపోవడమే.

ఇంకో మాట. షోరూంలో మనతో మాట్లాడే అబ్బాయి గానీ అమ్మాయి గానీ జీతానికి పనిచేసేవాళ్లు. నెలకిన్ని బండ్లు అమ్మాలని వాళ్ల నెత్తి మీద టార్గెట్ ఉంటుంది. వాళ్లను కించపరచడం మన బేరం కాదు. పైగా నెలాఖరులో, మార్చిలో, డిసెంబరులో ఆ టార్గెట్ కోసమే ధర దిగుతుంది. కొత్త సంవత్సరం వస్తే పాత సంవత్సరంలో తయారైన బండి విలువ పడిపోతుంది గనక డిసెంబరులో తగ్గింపు ఎక్కువ. అయితే అమ్మినప్పుడు ఇచ్చే ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. చూసుకున్న తర్వాతే మిగతా డబ్బు కట్టండి.

చివరగా, ధర ఎంత తగ్గించినా రిజిస్ట్రేషన్ కాగితం మీద పేరు ఎవరిదన్నది మరిచిపోతే లాభం లేదు. కిస్తీ మన సంఘం అప్పు నుంచి పోతుంది, పేరు మాత్రం మగవాళ్లది ఉంటుంది. రేపు తగాదా వచ్చి బండి తోలుకుని పోతే, అప్పు మనకు, బండి వాళ్లకు మిగులుతుంది. డబ్బు కట్టే మనిషి పేరు మీదే బండి ఉండాలి.

మన సంఘాలకు నేను కోరేది మూడే పనులు. ఎవరు బండి కొన్నా ఆ కొటేషన్లు, బిల్లుల నకళ్లు సంఘం దగ్గర ఒక ఫైల్లో పెట్టండి. తర్వాత కొనే మనిషికి అదే అంకె. ఏ ఆడమనిషి షోరూంకు పోయినా లెక్క రాసుకునే ఇంకొక ఆడమనిషి తోడు పోవాలి. అదే రోజు సంతకం చేయకుండా కాగితాలు తీసుకుని ఇంటికి రావాలి. వచ్చే సమావేశానికి ఎవరి దగ్గర ఏ బండి కాగితాలున్నా తీసుకురండి, కలిసి కూర్చుని లెక్క చూద్దాం.