జడ వేసేంత సేపు

(ఒక ఊరిలో సంఘం ఆడవాళ్లు కూడినప్పుడు ఒక పెద్దక్క మాట్లాడిన మాటలు ఇవి. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసినాము.)

అక్కల్లారా, చెల్లెళ్లారా, అమ్మల్లారా!

ఆ చివర కూచున్న అమ్మలు కొంచెం ముందుకు జరగండి. నా గొంతు చిన్నది.

ఈ రోజు నేను జడ గురించి మాట్లాడతాను. నవ్వుతున్నారు. "జడ వెయ్యను మాకు రాదా? దానికి ఒక మీటింగా?" అని మీ నవ్వుకు అర్థం. మీకు జడ వచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ మీ ఇంట్లో పొద్దున పూట ఆ జడ ఎవరు వేస్తున్నారు? నేను అడిగేది అది.

నా కత చెప్తాను. మేము ముగ్గురం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని. మా అమ్మ బుడ్డల చేనుకు కలుపు తీయను పోయేది. చీకటితోనే లేచి, సంగటి కెలికి, సద్ది కట్టుకొని పోయేది. చెల్లెండ్లకు తల దువ్వి జడలు వేసేది నా పని. బడిలో రెండు జడలు ఉండాల. రిబ్బన్లు ఉండాల. ముగ్గురికీ కలిపి ఆరు జడలు. నీళ్లు తెచ్చినాక, వాకిలి ఊడ్చినాక ఈ ఆరు జడలు. చెల్లెండ్లను ముందు పంపించి, నా జడ నేను వేసుకొని పోయేసరికి బడి గంట కొట్టి ఉండేది. ఆలస్యం అని నన్ను బయట నిలబెట్టేవాళ్లు.

ఒక రోజు నా జడ వేసుకోను యాల లేకపోయింది. అట్లనే పోయినాను. తల చింపిరిగా ఉందని ఇంటికి పంపించినారు. అందరి ముందర పంపించినారు. మరుసటి రోజు నేను పోలేదు. ఆ తర్వాత ఎవరూ పొమ్మని అనలేదు. మూడో తరగతిలో నా చదువు ఆగిపోయింది. వచ్చిన నాలుగు అక్షరాలు కూడా మరిచిపోయినాను.

చెల్లెండ్లు ఇద్దరూ పది దాకా చదివినారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. మా అమ్మ మీదా లేదు. ఆమె పనికి పోకుంటే మా పొయ్యి వెలిగేది కాదు. 1990ని అక్షరాస్యత సంవత్సరం అని దేశదేశాల్లో జరిపినారు. ఆ తర్వాతి ఏండ్లలో మా ఊరికి రాత్రి బడి వచ్చింది. అప్పుడు నేను ఇద్దరు పిల్లల తల్లిని. లాంతరు ముందర కూచొని మళ్లీ అ, ఆ దిద్దినాను.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో జడలు ఎవరు వేస్తున్నారు? పెద్ద పాపేనా? ఆ పాప బడికి ఎన్ని గంటలకు పోతుంది?

"మరి ఏం చెయ్యాల? మేము పనికి పోవద్దా?" అంటారు. పోవాల. పోయే ముందే జడ అయిపోయే ఉపాయం ఉంది. జడను ముందు రోజు సాయంత్రమే వెయ్యండి. చేను నుండి వచ్చి, కాళ్లు కడుక్కొని, పిల్లను ముందర కూచోబెట్టుకోండి. చిక్కు తియ్యండి. నడిమికి పాపిట తియ్యండి. రెండు జడలు వదులుగా అల్లి వదిలెయ్యండి. రిబ్బన్లు వద్దు, దారం చాలు. పొద్దున ఆ జడలు విప్పితే చిక్కు ఉండదు. పాపిట అట్లనే నిలబడి ఉంటుంది. మళ్లీ అల్లి రిబ్బను కట్టను చానా సేపు పట్టదు.

ఇంట్లో అత్తగారు అంటుంది, "దీపం పెట్టినాక తల దువ్వకూడదు" అని. మా అత్త కూడా అనేది. ఆ కాలంలో బుడ్డి దీపం వెలుగులో దువ్వితే రాలిన వెంట్రుక కనపడేది కాదు. అన్నంలో పడేది. ఇప్పుడు బల్బు ఉంది. అయినా అత్తతో కొట్లాట ఎందుకు? పొద్దు గూకే లోపలే జడ వేసెయ్యండి. ఆమె మాట నిలబడుతుంది, మీ పనీ అయిపోతుంది.

ఇంక పేన్ల సంగతి. ఇది చానా మంది సిగ్గుపడి మాట్లాడరు. నేను మాట్లాడతాను.

మనది కరువు సీమ. మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది కూడా అన్ని ఏండ్లూ పడదు. పడమటి కనుమలు ఆ పక్క వానను అడ్డుకుంటాయి. తూర్పు సముద్రం మనకు దూరం. రెండు పక్కల వానలూ మన దాకా వచ్చేసరికి తగ్గిపోతాయి. బోర్లు ఎండుతాయి. బిందె నీళ్ల కోసం గంటలు గంటలు నిలబడినవాళ్లం మనం. అందుకని పిల్ల తలలో పేన్లు పడితే ఏమంటారు? "నీళ్లు లేవు, తలకు పోసుకోలేదు, పేన్లు పడినాయి" అంటారు. "మురికి మనుషులు" అని కూడా అంటారు.

అది తప్పు. పేను మురికి వల్ల పుట్టదు. పేను ఎగరలేదు, దూకలేదు. నడుస్తుంది. ఒక తల ఇంకో తలకు తగిలినప్పుడు ఇటు నుండి అటు పోతుంది. రోజూ తలంటు పోసుకునే పిల్లకు కూడా వస్తుంది. పిల్లలు తలలు దగ్గర పెట్టుకొని ఆడుకుంటారు, పక్క పక్కన పడుకుంటారు. అట్ల వస్తాయి. వెంట్రుకలు విరబోసుకుంటే ఇంకా సులభంగా వస్తాయి. జడ గట్టిగా ఒక చోట ఉంటే కొంచెం తక్కువ. పేన్లు పడిన పిల్లను, ఆ పిల్ల తల్లిని తక్కువ చేసి మాట్లాడొద్దు.

పేను తీసేదానికి నీళ్లు ఎక్కువ అక్కర లేదు. ఓపిక కావాల. తలకు నూనె బాగా పట్టించండి. కొబ్బరినూనె లేకుంటే మన బుడ్డల నూనె చాలు. ముందు పెద్ద పండ్ల దువ్వెనతో చిక్కు తియ్యండి. తర్వాత పేన్ల దువ్వెనతో కుదుళ్ల నుండి చివరి దాకా లాగండి. ప్రతిసారీ దువ్వెనను తెల్లని గుడ్డ మీద తుడిచి చూడండి. పేను గుడ్డును ఈపి అంటాము కదా. అది వెంట్రుకకు అంటుకొని ఉంటుంది. వారం, పది రోజుల్లో పగిలి పేను అవుతుంది. అందుకని ఒక్క రోజు దువ్వి ఊరుకుంటే మళ్లీ వస్తాయి. మూడు రోజులకు ఒకసారి, మూడు వారాలు దువ్వండి. ఇంట్లో అందరి తలలూ చూడండి. మీ తల కూడా.

ఇప్పుడు నేను చెప్పేది బాగా వినండి. చేనికి కొట్టే మందు పిల్ల తలకు పూయొద్దు. చుక్క కూడా వద్దు. పురుగు చచ్చేది నిజం. కానీ ఆ మందు తల చర్మంలో నుండి ఒంట్లోకి దిగుతుంది. పిల్ల ప్రాణమే పోవచ్చు. కిరసనాయిలు కూడా వద్దు. చర్మం కాలుతుంది. పొయ్యి దగ్గర ఉంటే నిప్పు అంటుకుంటుంది. మా కాలంలో గమాక్సిన్ పొడి రుద్ది తలకు గుడ్డ కట్టేవాళ్లు. ఆ మందును 1997లో మన దేశంలో నిషేధించినారు. తెలియక ఎవరైనా చేను మందు పూసి ఉంటే, వెంటనే సబ్బుతో కడిగి 108కు ఫోన్ చెయ్యండి. పిల్లకు వాంతి వచ్చేదాకా చూస్తా కూచోవద్దు.

పేన్లకు మందుల షాపులో వేరే మందు దొరుకుతుంది. ఆస్పత్రిలో అడిగి తీసుకోండి. ఆ సీసా మీద చదవండి. ఎన్ని నిమిషాలు ఉంచాల, ఎన్ని రోజుల తర్వాత మళ్లీ పూయాల, ఏ వయసు పిల్లకు వద్దు, అన్నీ రాసి ఉంటాయి. అక్షరాలు చానా చిన్నవి. వెలుగులోకి తీసుకొని పోయి చదవండి. ఇంతకు ముందు మనం ఆ సీసాను ఇంకొకరి చేతికి ఇచ్చి "ఏం రాసినారో చెప్పు నాయనా" అని అడిగేవాళ్లం.

తలంటుకు సీకాయో, కుంకుడుకాయో మంచిది. మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. వాటిలో సబ్బు నురగ రాదు. తెల్లగా జిడ్డు మాదిరి తలకు పట్టుకుంటుంది. దాన్ని వదిలించను ఇంకా రెండు చెంబుల నీళ్లు దండగ. కుంకుడుకాయ ఉప్పు నీళ్లలో కూడా నురగ ఇస్తుంది. వారానికి ఒకసారి పోసినా చాలు. తల ఆరినాకే జడ వెయ్యండి. తడి వెంట్రుక సాగి తెగుతుంది.

జడ వేసేది మీకు తెలిసిందే. అయినా చిన్న పిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురు అడిగినారు కాబట్టి చెప్తాను. చిక్కు పై నుండి తియ్యొద్దు, పిల్ల ఏడుస్తుంది. చివర్ల నుండి మొదలు పెట్టి పైకి రండి. వెంట్రుకలను పిడికిట్లో పట్టుకొని, పిడికిలి కింద దువ్వండి. అప్పుడు కుదురు గుంజదు. పాపిట ముక్కుకు నేరుగా తీసి, మెడ దాకా వెనక్కు తీసుకొని పోండి. ఒక పక్క వెంట్రుకలను దారంతో కట్టి పక్కన పెట్టండి. రెండో పక్కను మూడు పాయలు చెయ్యండి. కుడి పాయ నడిమి పాయ మీదికి రావాల. తర్వాత ఎడమ పాయ నడిమికి రావాల. అంతే. చివర నాలుగు వేళ్లంత ఉందనగా రిబ్బను నడిమి భాగాన్ని పాయల మధ్య పెట్టి, రెండు కొసలను రెండు పాయలతో కలిపి అల్లండి. చివర ముడి వెయ్యండి. ఆ చివరను పైకి మడిచి, జడ మొదలు దగ్గర రిబ్బను చుట్టి పువ్వు ముడి వెయ్యండి. జడ ఊడదు.

గట్టిగా గుంజి వెయ్యొద్దు. కండ్లు పైకి లాగినట్టు వేస్తే సాయంత్రానికి పిల్లకు తలనొప్పి. రోజూ అట్లనే వేస్తే నొసటి దగ్గర, పాపిట దగ్గర వెంట్రుకలు ఊడిపోతాయి. కొన్నాళ్లకు అక్కడ మళ్లీ మొలవవు. జడ వేసినాక మీ చిటికెన వేలు కుదురు దగ్గర దూరాల. దూరితే సరిపోయినట్టు.

కొందరు తల్లులు విసిగిపోయి పిల్లకు క్రాపు చేయిస్తారు. వెంట్రుకలు పొట్టిగా ఉంటే తప్పేం లేదు. కానీ పిల్లను అడిగి చేయించండి. నిద్రలో ఉన్నప్పుడు కత్తిరించొద్దు. అట్ల చేసిన ఇంట్లో పిల్ల వారం రోజులు తల మీద గుడ్డ తియ్యలేదు, నేను చూసినాను.

కరువు ఏండ్లలో మనవాళ్లు బెంగుళూరికి పనికి పోతారు. ఒక్కోసారి తల్లి పోతుంది, తండ్రి ఎద్దుల దగ్గర ఉండిపోతాడు. అప్పుడు జడ ఎవరు వెయ్యాల? తండ్రి వెయ్యాల. మళ్లీ నవ్వుతున్నారు! పలుపులు అల్లే చెయ్యి, మోకులు పేనే చెయ్యి. ఆ చేతికి జడ రాదా? మా ఊర్లో ఒకాయన భార్య బెంగుళూరులో ఉన్నప్పుడు బిడ్డకు జడ వేసినాడు. మొదటి రోజు అది ఎద్దు పలుపు మాదిరే ఉంది. రచ్చకట్ట మీద అందరూ నవ్వినారు. ఆయన పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి పక్కింటి పిల్ల కూడా "మామా, నాకూ వెయ్యి" అని వచ్చి కూచునేది.

ఎనిమిదేండ్లు దాటిన పిల్లకు తన జడ తానే వేసుకునేది నేర్పించండి. మూడు రంగుల పాత చీర పేలికలు తీసుకొని స్తంభానికి కట్టండి. అల్లడం అక్కడ నేర్చుకుంటుంది. తర్వాత తన జడను భుజం మీదికి తెచ్చుకొని అల్లుకుంటుంది.

రాలిన వెంట్రుకలను గోడ సందులో పెడతాము కదా. ఊర్లోకి వచ్చేవాళ్లు వాటిని తీసుకొని పిన్నీసులు, చిన్న సామాన్లు ఇస్తారు. తూకం మీరే దగ్గర ఉండి చూసుకోండి. పండగ పూట పూలజడ వెయ్యండి, కనకాంబరాలు, మరువం కలిపి కట్టండి. జడ, కొప్పు మనకు కొత్తవి కావు. లేపాక్షి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మలు ఉన్నాయి. ఎప్పుడైనా పోతే అందులో ఆడవాళ్ల తలకట్టు చూడండి. ఒకరిది ఉన్నట్టు ఇంకొకరిది లేదు. 2022లో జిల్లా రెండైనప్పుడు లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. మనకు మాత్రం పక్క ఊరే.

ఇంకొక్క మాట ఉంది. పిల్ల ఊరికే కూచోదు. మెడ తిప్పుతుంది, లేస్తానంటుంది. నేను నా మనవరాలికి జడ వేసేటప్పుడు దాని ఒళ్లో పుస్తకం పెడతాను. "గట్టిగా చదువు, నేను వింటాను" అంటాను. అది చదువుతుంది. ఎప్పుడైనా ఒక వరుస ఎగ్గొడుతుంది. నేను దాని భుజం మీద నుండి చూసి, "ఆ వరుస వదిలినావే" అంటాను. మొదటిసారి అన్నప్పుడు అది వెనక్కు తిరిగి నా ముఖం చూసింది. అవ్వకు చదువు వచ్చని దానికి అంతవరకు తెలియదు. జడ సగంలో ఊడిపోయింది. మళ్లీ మొదటి నుండి అల్లినాను.

ఆ సేపట్లోనే పిల్ల అన్నీ చెప్తుంది. ముఖం ఎదురుగా ఉంటే చెప్పదు. మనం వెనక ఉంటాము కదా, అందుకని చెప్తుంది. బడిలో ఎవరు కొట్టినారు, దారిలో ఎవరు ఏమన్నారు, కడుపు ఎందుకు నొస్తా ఉంది, అన్నీ. పోయిన ఏడాది ఒక పిల్ల బడికి పోనని మొండికేసింది. వాళ్లమ్మ రెండు దెబ్బలు వేసింది. పిల్ల నోరు విప్పలేదు. ఆ సాయంత్రం జడ వేసేటప్పుడు చెప్పింది. బడిలో మరుగుదొడ్డికి తలుపు లేదంట. పెద్ద పిల్లలు ఎవరూ ఆ పక్కకే పోరంట. వాళ్లమ్మ మా సంఘంలో చెప్పింది. పదకొండు మంది సంతకాలు పెట్టి అర్జీ రాసినాము. పదకొండులో ఒక్కటి కూడా వేలిముద్ర లేదు. తలుపు వచ్చింది.

సరే, మాటలు చాలు. ఆ ఎర్ర లంగా పాపను ఇట్ల పంపించండి. రా తల్లీ, నా ముందర కూచో. పుస్తకం తెచ్చుకున్నావా? దువ్వెన ఎవరి దగ్గర ఉంది?