ఒక్కరి వంట



ఇంట నొక్కరే యున్నప్పుడు తమ కొఱకు తాము వండుకొని, ఒడలికి హితముగ భుజించుట యెట్లో నేడు మనవి చేయుదును. ఇది స్వల్పవిషయమని తోచవచ్చును. కాని పిల్లలు ఉద్యోగములకై దూరదేశములకు పోగా పెద్దయింట నొంటిగా మిగిలిన వృద్ధులు, భార్యనో భర్తనో కోల్పోయినవారు, పట్టణమున నొక గది తీసికొని చదువుకొను విద్యార్థులు మన నాట పెక్కుమంది కలరు. వీరిలో పలువురి రాత్రి భోజన మేమి? ఉదయము వండిన చల్లని యన్నము, ఆవకాయ బద్ద, కొంచెము మజ్జిగ. “ఒక్క ప్రాణమునకు వంట యేల?” యందురు. ఈ మాటయే నేటికి పూర్వపక్షము.

దీనికి శాస్త్రాధారమును చూపువారును కలరు. తన కొఱకే వండుకొనువాడు పాపమును భుజించునని భగవద్గీత మూడవ యధ్యాయమున నున్నది గదా యందురు. నిజమే. కాని యది యజ్ఞమును గూర్చిన ప్రకరణము. ఇతరులకు చెందవలసిన భాగము నీయక తానే తినువానిని ఆ వాక్యము నిందించుచున్నదే కాని, పెట్టుట కెవ్వరును లేనివానిని గాదు. అదే గీత పదునైదవ యధ్యాయమున భగవానుడు తాను వైశ్వానరుడై ప్రాణుల దేహముల నాశ్రయించి చతుర్విధాన్నమును పచనము చేయుచున్నానని చెప్పినాడు. కావున ఏకాకి యింటను అతిథి లేకపోలేదు. ఆ యతిథి లోపలనే కూర్చుండి యున్నాడు. అతిథికి పెట్టదగని యన్నమును మనము మనకు పెట్టుకొనరాదు. ఇది సిద్ధాంతము.

కడుపు నిండిన మాత్రమున దేహమునకు పోషణ కలుగదనుటకు మన జిల్లాలే సాక్ష్యము. బాగుగ మరపట్టిన తెల్లని బియ్యమే ప్రధానాహారమైన ఉత్తర సర్కారు జిల్లాలలో పూర్వము బెరిబెరి వ్యాధి వ్యాపించి యుండెను. తవుడుతోపాటు బి-1 విటమిను పోవుటయే దానికి కారణము. ఈ బెరిబెరి విచారణకే 1918లో రాబర్టు మెకారిసన్ కూనూరున నొక పరిశోధనశాలను ప్రారంభించెను. అదియే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్నది. ఆ సంస్థ 2020లో ప్రకటించిన కొలతల ప్రకారము, పెద్దలకు దేహభారమున కిలో యొక్కంటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అనగా 60 కిలోల మనుష్యునకు సుమారు 50 గ్రాములు. ఆవకాయ యన్నమున నివి యెక్కడివి?

కావున రాత్రి భోజనమున కొక పద్ధతిని మనవి చేసెదను. నా భార్య గతించిన పిదప నాలుగేండ్లుగా నే ననుసరించుచున్న దిదియే. ఒక్కరికి బియ్యము 75 గ్రాములు, పెసరపప్పు 25 గ్రాములు, తోటకూర 100 గ్రాములు, లేత బీరకాయ యొకటి, పెరుగు 150 గ్రాములు, నిమ్మచెక్క యొకటి, నూనె రెండు చిన్న చెంచాలు.

బియ్యమును మాటిమాటికి కడుగరాదు, ఒక్కమారు చాలును. గంజి వార్చకుండ, సరిపడు నీరే పోయవలెను. పెసరపప్పును కమ్మని వాసన వచ్చువఱకు వేయించి, బియ్యమొక గిన్నెను, పప్పొక గిన్నెను, ఒకే కుక్కరులో పెట్టవలెను. ఈలోపున తోటకూరను ముందు కడిగి, పిదప తరుగవలెను. తరిగి కడిగినచో సారము నీటిపాలగును. ఉడికిన పప్పులో నాకును, పసుపును, ఉప్పును వేసి, మూతపెట్టి అయిదు నిమిషములు మగ్గనిచ్చిన చాలును. ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకుతో నొక్కమారే పోపు పెట్టి, సగము పప్పులో వేసి, తక్కిన సగములోనే బీరకాయ ముక్కలను వేయవలెను. అవి తమ నీటితోడనే యుడుకును. నిమ్మరసమును మాత్రము పప్పు దింపిన పిదపనే పిండవలెను. సి విటమిను వేడికి నశించును. ఆ విటమినే ఆకుకూరలోని యినుమును దేహము గ్రహించుటకు తోడ్పడును. భోజనము ముగిసిన వెంటనే కాఫీ, టీలు త్రాగుట ఆ మేలును చెఱచును. మొత్తము పని ముప్పావుగంటకు మించదు.

మూడుపాళ్లు బియ్యమునకు ఒకపాలు పప్పును ఏల చెప్పితినో వినుడు. బియ్యపు మాంసకృత్తులలో లైసీను తక్కువ. పప్పులో నది సమృద్ధి. పప్పులో మెథియొనీను తక్కువ. బియ్యమున నది కలదు. కుంటివాడు గ్రుడ్డివాని భుజము నెక్కి త్రోవ చూపగా నిరువురును ఊరు చేరిరను పంగ్వంధన్యాయ మిక్కడ చక్కగ నన్వయించును. బియ్యమునుండి ఆరు గ్రాములు, పప్పునుండి ఆరు, పెరుగునుండి నాలుగున్నర, ఆకునుండి కొంత కలిసి, దినమునకు వలసిన మాంసకృత్తులలో మూడవవంతు ఈ యొక్క పూటయందే సమకూరును. శాకాహారమున దుర్లభమైన బి-12 విటమిను కొంత పెరుగువలన లభించును. మాంసాహారులు చేపముక్కనో గ్రుడ్డునో చేర్చుకొనవచ్చును. ఇంగ్లీషువారి పళ్లెమున మాంసఖండము, బంగాళాదుంప, పచ్చని కూర యుండుటకును అర్థ మిదియే: బలమునకొకటి, శక్తికొకటి, రక్షణకొకటి. మూత్రపిండముల వ్యాధి గలవారును, మధుమేహము గలవారును తమ వైద్యుని యడిగి ఈ కొలతలను మార్చుకొందురు గాక.

ఊరగాయను మానుమని నే ననను. తెలుగువాని కది సాధ్యమును గాదు. కాని దినమునకు ఉప్పు 5 గ్రాములకు మించరాదని వైద్యులు చెప్పుచుండగా, దానిని అన్నమునకు తోడుగ కాక, నాలుకకు రుచిగ మాత్రమే వాడుకొనవలెను.

కడపట నొక్క మాట. వండినదానిని గిన్నెలోనే కలుపుకొని, పొయ్యికడ నిలువబడి తినకుడు. పళ్లెము కడిగి, మంచినీళ్లు ప్రక్కన పెట్టుకొని, కూర్చుండి, వడ్డించుకొని తినుడు. ఒంటరితనమున మొదట నశించునది ఆకలి కాదు, ఆదరము. తన్ను తా నాదరించుకొనుట మఱచినవాడు క్రమముగ మంచమునకును, పిదప పరుల సేవకును లోబడును. వారమున కొకమారైనను ఈ కొలతలను రెట్టింపు చేసి, పొరుగున నున్న మఱియొక యేకాకిని పిలువుడు. అప్పుడు మూడవ యధ్యాయమువారి యాక్షేపణకును సమాధానము చెప్పినవార మగుదుము.